చుక్కల ముగ్గు, తాబేలు గీత: ఆరో తరగతి డ్రాయింగ్, కంప్యూటర్ పీరియడ్లలో ఏముంది?

ఏప్రిల్ వచ్చేసరికి విజయవాడ ఏలూరు రోడ్డులోనూ గుంటూరు బ్రాడీపేటలోనూ కరెంటు స్తంభాలకు వేలాడే ఫ్లెక్సీలు ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లల తల్లిదండ్రులకు ఇంచుమించు ఒకే మాట చెబుతాయి: ఆరో తరగతి నుంచే కోడింగ్, ఆరో తరగతి నుంచే ఏఐ, ఆరో తరగతి నుంచే రోబోటిక్స్. డ్రాయింగ్, సంగీతం, నృత్యం అనే మాటలు ఉంటే గింటే అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. హైస్కూల్లో అడుగుపెట్టిన తొలి ఏడాదిలో పిల్లలు ఈ రెండింటిలోనూ నిజంగా ఏం నేర్చుకుంటారని అడిగితే మాత్రం, దొరికే సమాధానం చాలాచోట్ల కొన్ని సాఫ్ట్‌వేర్ల పేర్లు, లేదంటే ఆఫీసు గది గోడకు అంటించిన నాలుగు బొమ్మలు. లెక్కల్లో భిన్నాల పాఠం అయిందా అని అడగవచ్చు, సైన్సులో అయస్కాంతాలు చెప్పారా అని అడగవచ్చు. ఈ రెండు విషయాల్లో ఏమని అడగాలో కూడా చాలామందికి తోచదు.

పదో తరగతి పబ్లిక్ పరీక్షల 600 మార్కుల్లో వీటికి ఒక్క మార్కూ లేకపోవడం ఈ అయోమయానికి ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మరొకటుంది. కంప్యూటర్ అనే ఒక్క పేరు కింద మూడు నాలుగు వేర్వేరు పనులూ, డ్రాయింగ్ అనే పేరు కింద మరో మూడు నాలుగూ కలగలిసిపోయాయి. వాటిని విడివిడిగా చూస్తే, ఆరో తరగతి స్థాయిలో డ్రాయింగ్ మాస్టారు చెప్పేదీ కంప్యూటర్ టీచరు చెప్పేదీ చాలామేరకు ఒకే విద్య అని నాకు అనిపిస్తుంది. కంటికి ఒక్కటిగా కనబడేదాన్ని ముక్కలుగా విడదీసి చూడటం, ఆ ముక్కలను ఒక వరసలో తిరిగి పేర్చడం ఆ విద్య. ఎక్కడ అవి కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో కొంత వివరంగా చూద్దాం.

కాగితం మీద ఉన్నది

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది వరకు ఉన్న తరగతులను మధ్య దశగా విడదీసి, కోడింగ్‌కు సంబంధించిన పనులను ఈ దశలోనే మొదలుపెట్టాలని చెప్పింది. ఇదే దశలో పిల్లలు పుస్తకాల సంచి లేకుండా 10 రోజులు వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, కళాకారుల దగ్గర గడపాలని కూడా అదే పత్రం చెప్పింది, కానీ ఆ సంగతిని ఫ్లెక్సీ మీద వేయించినవారిని నేను చూడలేదు. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలను భాష, గణితాల సరసన ఒక పాఠ్యవిషయంగా నిలబెట్టింది. ఆ తరువాతి ఏడాది జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు రూపొందించే ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి ‘కృతి’ అనే కళల పాఠ్యపుస్తకాన్ని తెచ్చింది. అందులో దృశ్యకళలు, సంగీతం, నృత్యం, నాటకం అని నాలుగు భాగాలున్నాయి. అంటే సీబీఎస్‌ఈ బడిలో ఆరో తరగతి పిల్లవాడికి ‘ఆర్ట్’ అంటే బొమ్మలు గీయడం ఒక్కటే అనుకుంటే, నాలుగింట మూడు వంతుల పుస్తకం తెరవకుండానే ఏడాది గడిచిపోయినట్టు లెక్క.

రాష్ట్ర సిలబస్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పటి నుంచి కళలు, సాంస్కృతిక విద్య ఒక సహపాఠ్య అంశం, పని, కంప్యూటర్ విద్య మరొక అంశం. వీటికి గ్రేడు వేస్తారు. పని, కంప్యూటర్ అనే ఆ జంట చాలామంది దృష్టికి రాదు గానీ, ఆలోచిస్తే అర్థవంతమైనది. మట్టి పిసకడం, గుడ్డ కుట్టడం, కంప్యూటర్‌కు ఆదేశాలివ్వడం ఒకే గూటిలో కూర్చున్నాయి. ఇక కంప్యూటర్‌కు కళలకున్నట్టు అందరికీ ఒకే పుస్తకం కనబడదు. ప్రైవేటు బడుల్లో యాజమాన్యం ఎంచుకున్న ప్రచురణకర్త పుస్తకమే సిలబస్ అవుతుంది. ఒక వీధి అవతలి బడికి మారిన పిల్లవాడు చదివిందే మళ్ళీ చదవడానికీ, చదవవలసింది వదిలేయడానికీ ఇదే కారణం.

వాడటం వేరు, ఆలోచించడం వేరు

మా తరంలో పదో తరగతి సెలవులు రాగానే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి లోయర్, హయ్యర్ పాసైనవారు చాలామంది ఉన్నారు. అది మంచి నైపుణ్యమే, దానివల్ల ఎందరికో ఉద్యోగాలొచ్చాయి. అయితే టైపు నేర్చుకోవడాన్ని తెలుగు రాయడం నేర్చుకోవడమని ఎవరూ అనుకోలేదు. కంప్యూటర్ పీరియడ్‌లో మాత్రం ఈ తేడా చెరిగిపోయింది. ఫైలును ఫోల్డర్‌లో భద్రపరచడం, ఉత్తరం టైపుచేసి అక్షరాల పరిమాణం మార్చడం, స్ప్రెడ్‌షీట్‌లో మార్కుల మొత్తం వేయించడం, స్లైడులు తయారుచేయడం పరికరాన్ని వాడే నైపుణ్యం కిందికి వస్తాయి. ఒక పనిని యంత్రం తప్పు చేయడానికి వీల్లేనంత స్పష్టమైన మెట్లుగా రాయగలగడం కంప్యూటింగ్ కిందికి వస్తుంది. ఇంగ్లండులో 2014 సెప్టెంబరులో ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) అనే పాఠ్యవిషయాన్ని తీసేసి దాని స్థానంలో కంప్యూటింగ్‌ను పెట్టడానికి కారణం ఈ తేడాయే. అక్కడ పిల్లలు ప్రాథమిక బడి తొలి తరగతుల్లోనే అల్గారిథమ్‌లు, అంటే ఒక పనిని వరస మెట్లుగా చెప్పే పద్ధతులు, మొదలుపెడతారు, పదకొండేళ్ళకు చేరే సెకండరీ బడిలో సున్నా, ఒకటితోనే రాసే బైనరీ సంఖ్యలు నేర్చుకుంటారు.

ఆరో తరగతిలో రెండూ అవసరమే. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలకు మొదటి నైపుణ్యం బడి కాక మరెవరూ ఇవ్వరు. ఫోను మీద పెరిగిన పిల్లలకు మౌస్ పట్టుకోవడం, ఫోల్డర్ అంటే ఏమిటో తెలియడం కొత్తే. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లోకి వచ్చిన పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెళ్ళు పాఠం చూపించడానికి బాగా ఉపయోగపడతాయి, అయితే తెర ముందు కూర్చున్న పిల్లవాడి చేతికి కీబోర్డు రానంతవరకు దాన్ని కంప్యూటర్ విద్య అనడానికి లేదు.

వాకిట్లో ఉన్న అల్గారిథమ్

అల్గారిథమ్ అనే మాట ఆరో తరగతి పుస్తకంలో సాధారణంగా టీ కాచే పద్ధతితోనో, పళ్ళు తోముకునే వరసతోనో మొదలవుతుంది. ఈ ఉదాహరణలు నాకు నచ్చవు. టీ కాయడంలో ఒక మెట్టు అటూ ఇటూ అయినా టీ వస్తుంది. పాలు ముందా పంచదార ముందా అని ఎవరూ పట్టించుకోరు. మన ఊళ్ళలో అంతకంటే కచ్చితమైన ఉదాహరణ ప్రతి ధనుర్మాసంలో వాకిట్లోనే కనబడుతుంది.

‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అని ముగ్గుల పుస్తకంలో ఒక ముక్క రాసి ఉంటుంది. తెలిసినవారికి ఆ ఒక్క వాక్యంలోనే సర్వం ఉంది. ముందు ఒక వరసలో 15 చుక్కలు పెట్టాలి. దాని పైనా కిందా, ఆ చుక్కల సందుల్లోకి వచ్చేటట్టు, 14 చొప్పున పెట్టాలి. అలా ఒక్కొక్కటి తగ్గించుకుంటూ 8 వచ్చేవరకు వెళ్ళి ఆగాలి. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే ఇందులో మొదటి విలువ ఉంది, ప్రతిసారీ మారే విలువ ఉంది, మళ్ళీ మళ్ళీ చేసే పని ఉంది, ఎక్కడ ఆగాలో చెప్పే షరతు ఉంది. లూప్ అంటే ఇంతే. మొత్తం ఎన్ని చుక్కలు పడతాయో కూడా లెక్కకడితే 169 వస్తాయి: నడుమ 15, పైనా కిందా 14 నుంచి 8 వరకు రెండేసిసార్లు. అదే 7 చుక్కలతో మొదలుపెట్టి 4 వరకు వెళితే 37. ఆరో తరగతి పిల్లలు ఈ కూడిక చేయగలరు, చేసిన తరువాత ‘నేరు చుక్క’ (చుక్క కింద చుక్క నేరుగా పెట్టడం) అంటే చతురస్రపు గడులెలా వస్తాయో, ‘సందు చుక్క’ అంటే ఆరు పలకల ఆకారం ఎందుకొస్తుందో తామే కనిపెట్టగలరు.

ఇందులో టీ ఉదాహరణకు లేని గుణం తప్పు బయటపడటం. ఒక వరసలో 12 పెట్టవలసినచోట 11 పెడితే, ఆ సంగతి అక్కడ తెలియదు. గీత చుట్టూ తిరిగి వచ్చి మొదటి చోట కలవనప్పుడు తెలుస్తుంది. అప్పుడు ముగ్గంతా చెరపకుండా ఒక్కొక్క వరసా లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్ళడమే కంప్యూటర్ ల్యాబులో డీబగ్గింగ్ అని పిలిచే పని. నేను ఈ పోలికను సరదాకు తెచ్చిపెట్టలేదు. మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ 1970ల్లో చుక్కల ముగ్గులను వ్యాకరణ సూత్రాలుగా రాసి, బొమ్మలను నియమాలతో పుట్టించే పద్ధతులపై పరిశోధన చేశారు. సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రంలో ఆ పనికి గుర్తింపు ఉంది.

తాబేలూ 24 ఆకులూ

పిల్లలకు కంప్యూటర్‌తో బొమ్మలు గీయించే ఆలోచన 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫర్జిగ్ తయారుచేసిన లోగో భాషతో స్థిరపడింది. తెర మీద ఒక తాబేలు ఉంటుంది. ముందుకు నడు, కుడికి ఇంత తిరుగు అని చెబితే అది వెళ్ళిన దారంతా గీత పడుతుంది. 2007లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి వచ్చిన స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషలో ఈ ఆదేశాలు రంగురంగుల దిమ్మెలయ్యాయి, అక్షరం టైపుచేయకుండా ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవచ్చు. ఆరో తరగతి కోడింగ్ అని ఫ్లెక్సీల మీద రాసే దానిలో అధికభాగం ఇదే.

1921లో కాంగ్రెస్ పెద్దలు బెజవాడలో సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య తన జెండా నమూనాను గాంధీజీకి అందించిన సంగతి ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో నడుమ అశోక చక్రం, దానికి 24 ఆకులు. డ్రాయింగ్ పీరియడ్‌లో ఈ చక్రం గీయడం పిల్లలకు పెద్ద పరీక్ష. కొందరు 18 గీసి చాలించుకుంటారు, కొందరికి చివర్లో చోటు చాలదు. కోణమానిని ఉన్నవారు 360ని 24తో భాగించి 15 డిగ్రీలకొక గీత పెట్టుకుంటారు. తాబేలుకు కూడా చెప్పవలసింది సరిగ్గా ఇదే: 100 అడుగులు ముందుకు, 100 వెనక్కి, 15 డిగ్రీలు కుడికి, ఈ మూడూ 24 సార్లు. కాగితం మీద చేతితో గీసిన వారంలోనే తెర మీద తాబేలుతో గీయిస్తే, లూప్ అనే మాటా వృత్తంలో 360 డిగ్రీలు అనే మాటా ఒకదానికొకటి అర్థం చెప్పుకుంటాయి. ఈ రెండు పీరియడ్లూ ఒకే వారంలో పడేటట్టు ఏ టైంటేబులూ వేయకపోవడం నా చిరకాల ఫిర్యాదు.

ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే ఏ రంగు?

కొన్నిచోట్ల ఈ రెండు పాఠాలు ఒకదానితో ఒకటి తగాదా పడుతున్నట్టు కనబడతాయి. డ్రాయింగ్ మాస్టారు మూల రంగులు ఎరుపు, పసుపు, నీలం అంటారు. కంప్యూటర్ టీచరు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంటారు. ఎరుపులో ఆకుపచ్చ వాటర్ కలర్ కలిపిన పిల్లవాడికి బురద రంగు వస్తుంది, తెర మీద అవే రెండూ పూర్తిగా కలిపితే మేలిమి పసుపు వస్తుంది. ఇద్దరిలో ఎవరు తప్పు అని పిల్లవాడు ఇంటికొచ్చి అడిగితే సమాధానం చెప్పగలిగిన పెద్దలు తక్కువ.

ఇద్దరూ తప్పు కాదు. మన కంటిలో రంగును గుర్తించే శంకు కణాలు మూడు రకాలు. తెర చీకటి నుంచి మొదలుపెట్టి మూడు రంగుల కాంతిని వెదజల్లి, వెలుగును పోగుచేస్తుంది. మూడూ పూర్తిగా వెలిగితే తెలుపు. రంగుద్రవ్యం చేసేది దీనికి తలకిందులు. తెల్ల కాగితం నుంచి రావలసిన వెలుగులో కొంత భాగాన్ని అది మింగేస్తుంది, కాబట్టి ఎన్ని రంగులు కలిపితే అంత చీకటి. ముద్రణ యంత్రాలు ఈ మింగే లెక్కనే కచ్చితంగా పాటించి సియాన్, మెజెంటా, పసుపు, వాటితో పాటు నలుపు వాడతాయి. బడిలో చెప్పే ఎరుపు, పసుపు, నీలం పాతకాలపు చిత్రకారుల పద్ధతి, రంగుల పెట్టెతో చేసే పనికి అది సరిపోతుంది. పెళ్ళి ఫ్లెక్సీ వేయించుకున్నవారికి ఈ సిద్ధాంతం అనుభవంలో తెలుసు: డిజైనర్ మానిటర్ మీద మెరిసిపోయిన చిలకపచ్చ, మండపం ముందు కట్టేసరికి కాస్త వాడిపోయి కనబడుతుంది. తెర వెదజల్లగలిగిన కొన్ని రంగులను సిరా చూపలేదు.

తెర మీద ప్రతి రంగుకూ 0 నుంచి 255 వరకు 256 స్థాయిలుంటాయి. మూడింటినీ గుణిస్తే 1,67,77,216 రంగులు. బైనరీ సంఖ్యల పాఠం పిల్లలకు రుచించేది ఇక్కడే, ఎందుకంటే 256 అనే వింత సంఖ్య ఎక్కడిదన్న ప్రశ్నకు రెండును ఎనిమిదిసార్లు గుణించడం అనే సమాధానం వారి చేతికే దొరుకుతుంది. పిక్సెల్, అంటే తెర మీది బొమ్మను కూర్చే చిన్న చుక్క, కూడా ఇలా లెక్కకు అందేదే. ఫుల్ హెచ్‌డీ టీవీ తెర మీద 1920 నిలువు వరసలు, 1080 అడ్డు వరసలు, మొత్తం 20,73,600 చుక్కలు. ఫోనుకొచ్చిన చిన్న ఫోటోను ఫ్లెక్సీ అంత సాగదీస్తే ఆ చుక్కలే గచ్చుపలకల్లా బయటపడతాయి.

అమ్మ ఎన్ని అక్షరాలు?

తెలుగు పిల్లలకు మాత్రమే చెప్పగలిగిన కంప్యూటర్ పాఠం ఒకటుంది, దాన్ని నేను చూసిన పుస్తకాలేవీ వాడుకోలేదు. ‘అమ్మ’ ఎన్ని అక్షరాలని అడిగితే పిల్లవాడు రెండంటాడు, సరైన జవాబే. కంప్యూటర్ మాత్రం దాన్ని నాలుగుగా దాచుకుంటుంది: అ, మ, పొల్లు, మళ్ళీ మ. పొల్లు తరువాత హల్లు వస్తే వత్తుగా చూపించాలన్నది నియమం. ‘శ్రీ’ ఒక్క అక్షరమే అయినా అక్కడా నాలుగే: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ప్రపంచ లిపుల్లోని అక్షరాలకు తలా ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో, 1991లో వచ్చిన తొలి కూర్పు నుంచీ తెలుగుకు తనదైన సంఖ్యల వరస ఉంది. అందులో ‘అ’ సంఖ్య 3077, బైనరీలో 110000000101. అక్షరానికి సంఖ్య, సంఖ్యకు సున్నాలూ ఒకట్లూ, వాటిని తిరిగి అక్షరంగా గీసే ఫాంటు అనే మూడు మెట్లూ ఒక్క మాటతో అర్థమవుతాయి. డ్రాయింగ్ మాస్టారు ఇదే వారంలో అందమైన అక్షరాలు రాయిస్తే, తలకట్టును ఎక్కడ నిలపాలన్నదీ వత్తుకు ఎంత చోటు వదలాలన్నదీ ఫాంటు తయారుచేసేవారి సమస్యే అని పిల్లలకు తెలుస్తుంది.

కంప్యూటర్ చెప్పలేనిది

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి కళ అంటే కంప్యూటర్ పాఠానికి రంగులద్దే పని అని ఎవరైనా అనుకుంటే అది నా రాతలోని లోపం. ఆరో తరగతి దృశ్యకళలో మొదటి పాఠం చూడటం. బల్ల మీద చెంబు పెట్టి గీయమంటే చాలామంది పిల్లలు చెంబును చూడరు, తమకు తెలిసిన చెంబును గీస్తారు. మూతి గుండ్రమని తెలుసు కాబట్టి గుండ్రంగా గీస్తారు, కంటికి అది కోలగా కనబడుతున్నా సరే. తెలిసినదాన్ని పక్కనబెట్టి కనబడేదాన్ని గీయడానికి ఏడాది పడుతుంది, దానికి ఏ సాఫ్ట్‌వేరూ దగ్గరిదారి చూపదు. గీత, ఆకారం, నీడ, గరుకుదనం, ఖాళీ చోటు అంటూ పుస్తకం చెప్పే మాటలన్నీ ఈ చూపును పదును పెట్టడానికే.

విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లికి పిల్లలను తీసుకువెళితే తెల్ల పొణికి కర్రతో చేసే బొమ్మలో చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించడం చూస్తారు. ముక్కలుగా విడదీసి చేయడమనే మాట వినే ముందు దాన్ని చేతితో తాకినట్టవుతుంది. అమరావతి స్తూపానికి చెందిన గుండ్రటి శిల్పఫలకాల్లో ఒకటి, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది, నలగిరి ఏనుగు కథను చూపుతుంది. మదించి వీధిలో జనాన్ని తొక్కుతున్న ఏనుగూ, బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగూ ఒకే గుండ్రటి రాతిలో ఉంటాయి. ఒకే ఏనుగు రెండుసార్లెందుకుందని అడిగే పిల్లవాడు కథను దృశ్యాలుగా విడగొట్టడం అప్పటికే మొదలుపెట్టాడు. స్క్రాచ్‌లో యానిమేషన్ చేసేటప్పుడు ఏ క్షణాన్ని చూపాలి, ఏది వదలాలి అన్న ప్రశ్నకు ఆ శిల్పి చేసిన ఎంపిక కంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఏఐ గురించి తక్కువ మాటలు చాలు. ఆరో తరగతిలో చెప్పదగినది, యంత్రం ఎన్నో ఉదాహరణలు చూసి ఊహిస్తుందనీ, ఉదాహరణలు తక్కువైతే ఊహ తప్పుతుందనీ. ఇరవై మామిడికాయలూ రెండు జామకాయలూ చూపించి జామకాయను గుర్తుపట్టమంటే చాలు, పాఠం అయిపోతుంది. మాట చెబితే బొమ్మ గీసిచ్చే సాధనాలను ఈ వయసులో డ్రాయింగ్ పీరియడ్‌లోకి తేకపోవడమే మేలని నా అభిప్రాయం, చెంబు మూతిని ఇంకా చూడని పిల్లవాడికి వచ్చిన బొమ్మలో తప్పేమిటో కనబడదు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకపోవడం, ముఖం తెలియనివారికి ఫోటో పంపకపోవడం, ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం వంటివి మాత్రం మొదటి వారంలోనే చెప్పాలి.

ఇవన్నీ జరగడానికి వారానికి ఒకటి రెండు పీరియడ్లే ఉంటాయి, ఫిబ్రవరి వచ్చేసరికి లెక్కల మాస్టారు వాటిని కూడా అడిగి తీసుకుంటారు. కాబట్టి అడ్మిషన్‌కు వెళ్ళినప్పుడు ల్యాబులో ఎన్ని కంప్యూటర్లున్నాయని అడగడం కంటే, కిందటేడాది ఆరో తరగతి పిల్లల డ్రాయింగ్ పుస్తకం ఒకటీ, వారు దాచుకున్న ప్రోగ్రాములు రెండు మూడూ చూపించమని అడగడం మంచిది. అన్ని పుస్తకాల్లోనూ ఒకే కొండ, ఒకే సూర్యుడు, ఒకే గుడిసె ఉంటే అవి బోర్డు మీది బొమ్మకు నకళ్ళు. కొట్టివేతలున్న పుస్తకం, 24 ఆకులకు బదులు 23 వచ్చి పక్కన పెన్సిలుతో లెక్క వేసుకున్న పుస్తకం కనబడితే, ఆ పీరియడ్ నిజంగా జరిగిందని అనుకోవచ్చు.